కింద మూస్తే గాలి ఎటు పోవాలి?

ఈ వారం కోడ్ గురించి కాదు, గాలి గురించి. కరెంటు బిల్లు కట్టి మరీ తయారుచేసుకున్న చల్లగాలి మా ఇంట్లో అర్ధరాత్రి ఎటు పోతోందో కనిపెట్టడానికి నాకు పన్నెండు రోజులు పట్టింది. బగ్‌లు పట్టుకోవడమే నా ఉద్యోగం. ఈ బగ్‌ని పట్టుకున్నది మాత్రం మా నాన్న.

జూలైలో అమ్మానాన్న మొదటిసారి అమెరికా వచ్చారు. మేముండేది టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. లోను పెట్టి కొన్న రెండంతస్తుల ఇల్లు. మా పడకగది కింద. గరాజ్ పైన ఉన్న గదిని అమ్మానాన్న కోసం సర్దిపెట్టాం. కొత్త మంచం, కొత్త దుప్పట్లు, కిటికీ తెరిస్తే చెట్టు. అమ్మ చూసి "హోటల్లా ఉందిరా" అని మురిసిపోయింది.

నాలుగో రోజు రాత్రి రెండింటికి మంచినీళ్ల కోసం లేచిన మా ఆవిడ నన్ను తట్టి లేపింది. హాల్లోకి వచ్చి చూస్తే ఇద్దరూ కార్పెట్ మీద దుప్పటి పరుచుకుని పడుకున్నారు. నాన్న తువ్వాలు మడిచి తలకింద పెట్టుకున్నారు.

"పైన కాస్త గాలాడట్లేదురా, అంతే. రెంటచింతల ఎండలు చూసినోళ్లం, మాకిదో లెక్కా? నువ్వెళ్లి పడుకో" అంది అమ్మ. మొదటి రాత్రి నుంచీ అంతేనని తర్వాత తెలిసింది. పొద్దున్నే మేం లేచేలోపు దుప్పటి మడిచి పైకి వెళ్లిపోయేవాళ్లట, మాకు తెలియకూడదని. మా గది తీసుకోమంటే ఒప్పుకోలేదు. ఆ రాత్రి మళ్లీ నిద్రపట్టలేదు. ముప్పై ఏళ్ల లోను పెట్టి ఇల్లు కొన్నది నేను, నేలమీద పడుకున్నది వాళ్లు.

ఒకే యంత్రం, రెండు జోన్‌లు

మన దగ్గర స్ప్లిట్ ఏసీ అంటే గదికొకటి. ఏ గదిలో ఉంటే ఆ గదిది వేసుకుంటాం. ఇక్కడి ఇళ్లలో పద్ధతి వేరు. ఇంటి మొత్తానికి ఒక పెద్ద ఫ్యాను, దాని పక్కన చల్లబరిచే కాయిల్, చలికాలానికి ఫర్నేస్. టెక్సస్‌లో ఇవి చాలావరకు అటక మీదే ఉంటాయి. అక్కడినుంచి డక్ట్‌లు, అంటే గాలి గొట్టాలు, ప్రతి గదికీ వెళ్తాయి. గదుల్లోంచి వెచ్చబడిన గాలిని వెనక్కి తెచ్చేవి రిటర్న్ డక్ట్‌లు.

ఇంటికంతా ఒకటే థర్మోస్టాట్ ఉంటే ఒక చిక్కుంది. అది కింద హాల్లో ఉంటుంది. హాలు చల్లబడగానే ఏసీ ఆగిపోతుంది. పైన కప్పు వేడి తగిలే గదులు మాత్రం ఉడుకుతూనే ఉంటాయి. తూర్పు గదులకి పొద్దున, పడమటి గదులకి సాయంత్రం వేడెక్కువ. అందుకని ఇంటిని జోన్‌లుగా విడగొడతారు. ఒక్కో జోన్‌కి ఒక థర్మోస్టాట్, దాని డక్ట్‌లో మోటారుతో తిరిగే ఒక రేకు తలుపు. దాన్ని డ్యాంపర్ అంటారు. ఏ జోన్ అడిగితే దాని డ్యాంపర్ తెరుచుకుంటుంది, చాలనగానే మూసుకుంటుంది.

ఈ ఆలోచన ఇవాళ్టిది కాదు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో వారెన్ జాన్సన్ అనే ప్రొఫెసర్ ఉండేవాడు. కాలేజీ నౌకరు మాటిమాటికీ క్లాసులోకి వచ్చి వేడి చూసుకుని, నేలమాళిగకి దిగి డ్యాంపర్లు తిప్పేవాడు. పాఠం మధ్యలో ఈ రాకపోకలు ఆయనకి చిరాకు. గదిలో వేడి మారగానే కింద గంట మోగే ఎలక్ట్రిక్ థర్మోస్టాట్ ఒకటి తయారుచేసి 1883లో పేటెంట్ తీసుకున్నాడు. 1885లో మిల్వాకీలో ఆయన పెట్టిన కంపెనీయే ఇవాళ్టి జాన్సన్ కంట్రోల్స్. చూశారుగా, సెన్సర్, నోటిఫికేషన్, యాక్షన్. మన పుష్ నోటిఫికేషన్‌కి ముత్తాత.

మా ఇంట్లోనూ అదే ఏర్పాటు. 4 టన్నుల యూనిట్ ఒకటి, పైన ఒక జోన్, కింద ఒక జోన్. కొన్నప్పుడు 'టూ జోన్ సిస్టం' అని బ్రోషర్లో చూసి పొంగిపోయాను.

నేను చేసిన మూడు తెలివితక్కువ పనులు

మొదటిది, సమస్య సాఫ్ట్‌వేర్‌లో ఉందనుకోవడం. రెండు స్మార్ట్ థర్మోస్టాట్లు, గది గదికీ సెన్సర్లు కొన్నాను. పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ రాసి ఐదు నిమిషాలకోసారి ఉష్ణోగ్రతలు లాగ్ చేశాను. గ్రాఫులు అందంగా వచ్చాయి. గది మాత్రం చల్లబడలేదు.

రెండోది, కింద గదుల్లో గాలి వచ్చే జాలీలు సగం మూసేయడం. కింద మూస్తే ఆ గాలంతా పైకి వెళ్తుందని నా లెక్క. మీలో చాలామందికీ ఇదే తోచి ఉంటుంది. ఆ రాత్రి పైగదిలో నేనే పడుకుని చూశాను. జాలీలోంచి బుస్సుమని ప్రెషర్ కుక్కర్ లాంటి శబ్దం, గంట తర్వాత అదీ లేదు.

మూడోది, దుమ్ము పడని అమ్మ కోసం మందంగా, జల్లెడ సన్నగా ఉండే ఖరీదైన ఫిల్టర్ పెట్టడం. ప్రేమతోనే పెట్టాను. ఊపిరాడని యంత్రానికి ముక్కు కూడా మూశానని తర్వాత అర్థమైంది.

లాగ్‌లో మాత్రం ఒక వింత కనిపించింది. రాత్రి 11 దాకా పైన 75 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 24. ఆ టైముకి కింది జోన్‌కి చాలినంత చల్లదనం వచ్చి డ్యాంపర్ మూసుకుంటుంది. అక్కణ్ణించి పైగది వేడి మెల్లగా పెరగడం మొదలు. బయట ఎండ లేదు, యాప్‌లో 'కూలింగ్' అని నీలం రంగులో వెలుగుతూనే ఉంది. అయినా రెండున్నరకి 82. పొద్దున 6కి షెడ్యూల్ ప్రకారం పై జోన్ ఆగి, 10కి మళ్లీ మొదలయ్యేసరికి అంతా మామూలే. పగలు వచ్చిన టెక్నీషియన్ గ్యాస్ చూసి, బాగానే ఉందని బిల్లు ఇచ్చి వెళ్లాడు. మనకి తెలిసిందేగా, డెమోలో బగ్ రాదు.

నాన్న అడిగిన ప్రశ్న

నాన్న సాగర్ కుడి కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్లు తూములు, షట్టర్లు, చివరి భూములకి నీళ్లందలేదని కొట్లాటకొచ్చే రైతులు. పదహారో రోజు రాత్రి హాల్లో గాలిపరుపు మీద కూర్చుని నా ల్యాప్‌టాప్ చూస్తూ అడిగారు.

"కింద చాలగానే ఆ తలుపు మూసుకుంటుందన్నావు. మరి ఫ్యాను తగ్గుతుందా?"

"తగ్గదు నాన్నా. దీనికి ఒకటే స్పీడు."

"అంటే హెడ్ దగ్గర వదిలే నీళ్లు అన్నే. తూములు సగం మూశావు. మిగతా నీళ్లు ఎటు పోవాల్రా? కట్టన్నా తెగాలి, ఎస్కేప్‌లోంచన్నా పోవాలి. మీ ఎస్కేప్ ఎక్కడుంది?"

అప్పటిదాకా ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. రాత్రి రెండున్నరకి నిచ్చెన దించి, ఫోను టార్చ్‌తో అటకెక్కాను. నాన్న కింద నిచ్చెన పట్టుకున్నారు. కాయిల్‌లోంచి వచ్చే రాగి పైపు తెల్లగా ఉంది. ముట్టుకుంటే మంచు. జూలైలో, టెక్సస్‌లో, వేడి సెగ కొడుతున్న అటక మీద!

అసలు జరుగుతున్నది ఏమిటంటే

ఒక టన్ను ఏసీ అంటే గంటకి 12,000 బీటీయూల వేడిని లాగేది. దానికి టన్నుకి నిమిషానికి దాదాపు 400 ఘనపుటడుగుల గాలి కాయిల్ మీదుగా వెళ్లాలి. మా 4 టన్నులకి 1,600. పై జోన్‌కి వేసిన డక్ట్‌ల తాహతు దాదాపు 900, కింది జోన్‌కి 700. రెండూ తెరిచి ఉంటే లెక్క సరిపోయింది. కింద మూసుకుంటే 1,600 మొత్తం 900 పట్టే గొట్టాల్లో దూరాలి. గాలి రెట్టింపైతే ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. మా లెక్కకి మూడింతలు దాటుతుంది.

దీనికి మా ఇల్లు కట్టినవాళ్లు పెట్టిన మందు బైపాస్ డక్ట్. నాన్న అడిగిన ఎస్కేప్ అదే. ఎక్కువైన గాలి ఆ అడ్డదారిలో తిన్నగా రిటర్న్‌లోకి వెళ్లిపోతుంది. కాలువలో ఎస్కేప్ నీళ్లు వాగులో కలిసిపోతాయి, మళ్లీ హెడ్‌కి రావు. ఇక్కడ అలా కాదు. చల్లబడిన గాలే మళ్లీ కాయిల్ మీదకి వచ్చి ఇంకా చల్లబడుతుంది, మళ్లీ తిరుగుతుంది. ఇన్ఫినిట్ లూప్ అన్నమాట. కాయిల్ 32 డిగ్రీల కిందికి జారగానే దానిమీది తడి మంచుగా మారుతుంది. మంచు పట్టిన కాయిల్‌లోంచి గాలి దూరదు. గాలి తగ్గేకొద్దీ మంచు ఇంకా పెరుగుతుంది. పైగదికి చల్లదనం కాదుకదా, గాలే ఆడదు. అమ్మ మొదటిరోజే చెప్పిన మాట అది. గాలాడట్లేదంది. నేను ఉక్కపోతని విన్నాను.

పొద్దున యంత్రం ఆగగానే మంచు కరిగిపోతుంది, సాక్ష్యం మాయం. సీలింగ్ మీద గోధుమరంగు మరక ఒకటి ఉండేది. కప్పు కారుతోందేమో అనుకుంటున్నాను. కరిగిన మంచు నీళ్లవి.

చలికాలంలో ఇదే కథ తిరగబడుతుంది. గాలి చాలక ఫర్నేస్ లోపల వేడి పేరుకుని, సేఫ్టీ స్విచ్ పడి మంట ఆరిపోతుంది. కిందటి జనవరిలో హీటర్ మాటిమాటికీ ఎందుకు ఆగిందో కూడా ఆ రాత్రే తెలిసింది.

అర అంగుళం బడ్జెట్

ఈసారి డక్ట్‌ల పని బాగా తెలిసిన ఒక పెద్దాయనని పిలిచాను. అటక పగలు 130 డిగ్రీలు దాటుతుంది, మన లెక్కలో 54. అందుకని పొద్దున ఆరుకే వచ్చారు. మొదట గ్యాస్ జోలికి పోలేదు. యంత్రానికి ముందొకటి, వెనకొకటి చిన్న రంధ్రాలు పెట్టి, రెండు సన్న గొట్టాలున్న మీటరుతో గాలి ఒత్తిడి కొలిచారు. ఇళ్లలో వాడే ఇలాంటి యూనిట్లని చాలావాటిని 0.5 అంగుళాల ఒత్తిడికి తయారుచేస్తారు. అంటే స్ట్రాలో నీళ్లని అర అంగుళం పైకి లేపేంత. మాది పై జోన్ ఒక్కటే నడిచినప్పుడు 0.9 చూపించింది.

ఆ అర అంగుళాన్ని బడ్జెట్ అనుకోండి. ఏపీఐకి 500 మిల్లీసెకన్ల గడువిస్తే డేటాబేసే 300 తినేసినట్టు, ఇక్కడ తడిసిన కాయిల్ 0.2, ఫిల్టర్ 0.1, జాలీలూ డ్యాంపర్లూ ఇంకాస్త తింటాయి. డక్ట్‌లకి మిగిలేది 0.1 దరిదాపుల్లో. దాంతోనే గాలి గొట్టాల్లో వెళ్లి, గదులు తిరిగి, వెనక్కి రావాలి. గొట్టం అసలు పొడవొకటే కాదు, ప్రతి మలుపునీ పొడవుగా లెక్కేస్తారు. పదునైన మలుపు ఒక్కటి పదుల అడుగుల తిన్నని గొట్టంతో సమానం. వెండి రంగు ఫ్లెక్స్ గొట్టాన్ని బిగుతుగా లాగి కట్టకుండా ముడతలుగా వదిలేస్తే నిరోధం రెండింతలకి పైగా పెరుగుతుంది. అమ్మానాన్నల గది గొట్టం అటక చివరిదాకా జారిపోయిన చీర కుచ్చిళ్లలా వేలాడుతూ, మధ్యలో మడతపడి ఉంది. చివరి భూమికి నీళ్లందనట్టే.

దీనికంతా ఒక పద్ధతి ఉంది. ఎయిర్ కండిషనింగ్ కాంట్రాక్టర్స్ ఆఫ్ అమెరికా అనే సంఘం వరసగా మాన్యువల్స్ వేసింది. గది గదికీ ఎంత వేడి చేరుతుందో లెక్కకట్టడానికి మాన్యువల్ జె, దానికి తగ్గ యంత్రం ఎంచుకోవడానికి ఎస్, గొట్టాల సైజులకి డి, జోన్‌లకి ప్రత్యేకంగా జెడ్‌ఆర్. వరస ముఖ్యం. ముందు గది, తర్వాత యంత్రం, తర్వాత గొట్టం. జోన్ సిస్టంలో ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. అన్నిటికన్నా చిన్న జోన్ ఒక్కటే తెరిచి ఉంటే గాలి ఎటు పోవాలి? దీనికి జవాబు లేకుండా గీసిన డిజైన్ కాగితం మీదే ఫెయిల్.

మేం ఏం చేశామంటే

ఫ్యాను, కంప్రెసర్ స్పీడు తగ్గించుకోగల యూనిట్ పెట్టుకోవడం అన్నిటికన్నా మంచి జవాబు. చిన్న జోన్ అడిగితే చిన్నగా నడుస్తుంది. ఎస్టిమేట్ చూసి ఫోన్ బోర్లా పెట్టేశాను. దాన్ని యంత్రం పాతబడ్డాక చూసుకోవచ్చన్నారు పెద్దాయన. ఈలోపు గాలికి దారులు వెడల్పు చేద్దామన్నారు.

బైపాస్ మూసేశారు. కింది డ్యాంపర్ పూర్తిగా మూసుకోకుండా కొంచెం తెరిచి ఉండేలా ఆపు పెట్టారు. అమ్మానాన్నల గదికి 6 అంగుళాల గొట్టం తీసి 8 అంగుళాలది, తిన్నగా, ప్రతి నాలుగడుగులకీ పట్టీ కట్టి వేశారు. ఆరుకీ ఎనిమిదికీ తేడా రెండంగుళాలే అనిపిస్తుంది, గాలి వెళ్లే చోటు మాత్రం దాదాపు 1.8 రెట్లు. పైన ఇంకో రిటర్న్ పెట్టారు. గది తలుపేస్తే లోపలి గాలి బయటికి రావడానికి దారి లేదని, సీలింగ్‌లోంచి వరండాలోకి ఒక పొట్టి డక్ట్ వేశారు. కీళ్లన్నిటికీ మాస్టిక్ అనే బంక పూశారు. మామూలు ఇళ్లలో డక్ట్‌లలో వెళ్లే గాలిలో 20 నుంచి 30 శాతం కారిపోతుందని ఇక్కడి ఎనర్జీ స్టార్ వాళ్ల లెక్క. నా ఖరీదైన ఫిల్టర్ చెత్తబుట్టలోకి వెళ్లింది. వైశాల్యం ఎక్కువున్న నాలుగంగుళాల ఫిల్టర్ పట్టే పెట్టె వచ్చింది.

పెద్దాయనది స్పానిష్ యాస ఇంగ్లీషు. నాన్నకి ఇంగ్లీషు అంతంతమాత్రం. నేను మీటింగ్‌లో ఉండగా ఇద్దరూ నిచ్చెన కింద కాగితం మీద బొమ్మలు గీసుకుని రెండు గంటలు మాట్లాడుకున్నారు. ఒకరిది నీళ్లు, ఒకరిది గాలి.

చివర్లో మళ్లీ కొలిస్తే 0.6. పుస్తకం ప్రకారం ఇంకా ఎక్కువే. అయినా కాయిల్ మీద మంచు లేదు, బుస్సుమనే శబ్దం లేదు. కింది డ్యాంపర్ పూర్తిగా మూసుకోదు కాబట్టి రాత్రిళ్లు మా గదిలో కాస్త చలి. పర్లేదు, దుప్పటి కప్పుకుంటున్నాం.

ఇల్లు చూడ్డానికి వెళ్తున్నారా?

అమెరికాలో అద్దెకైనా, కొనడానికైనా రెండంతస్తుల ఇల్లు చూస్తుంటే కిచెన్ కౌంటర్ ఫొటోలు తీసుకున్నాక ఇవి కూడా చూడండి.

పైకీ కిందకీ ఒకటే యూనిటా, వేర్వేరువా అని అడగండి. ఒకటే అయితే ఒక్క జోన్ మాత్రమే నడిపించి పావుగంట వినండి. జాలీ ఈల వేస్తే గాలికి చోటు లేదని అర్థం.

పడకగది తలుపు వేసి, తలుపు కింద సందు దగ్గర టిష్యూ కాగితం పట్టండి. అది గట్టిగా ఎగిరితే ఆ గదికి రిటర్న్ దారి సరిగా లేదు.

అటకలోకి తొంగిచూడండి. వేలాడే గొట్టాలు, మడతలు, ఊడిన కీళ్లు కంటికే కనిపిస్తాయి.

ఏసీ మనిషి వస్తే "స్టాటిక్ ప్రెషర్ కొలుస్తారా?" అని ఒక్క మాట అడగండి. కొలవకుండా గ్యాస్ నింపుతానంటే ఇంకొకర్ని పిలవండి.

వాడని గదుల జాలీలు మూసి కరెంటు ఆదా చేస్తున్నామనుకోకండి. నేను చేసింది అదే.

హైదరాబాద్‌లో విల్లాకి డక్టబుల్ ఏసీ పెట్టించుకుంటున్నవాళ్లకీ ఇదే లెక్క. ఫాల్స్ సీలింగ్ మూసేముందే గొట్టాలు చూసుకోండి. యాప్ ఎప్పుడైనా అప్‌డేట్ అవుతుంది. సీలింగ్ వెనక గొట్టానికి ప్యాచ్ రాదు.

పని పూర్తయిన రాత్రి ఇద్దరూ పైకెళ్లి పడుకున్నారు. నేను మాత్రం లాగ్ చూస్తూ కూర్చున్నాను. పదకొండు, పన్నెండు, ఒకటి, గీత కదల్లేదు. రెండింటికి మెట్ల మీద అడుగుల చప్పుడు. గుండె గుభేలుమంది. అమ్మ కొంగు భుజాల నిండా కప్పుకుని దిగుతోంది.

"చలేస్తోందిరా. ఇంకో దుప్పటుందా?"

బీరువాలోంచి రెండు తీసి ఇచ్చాను.